గడియ తీయని పెట్టె

విరిగిన బకెట్టును మనం ఏం చేస్తాం? చెత్తబండిలో వేస్తాం. మరీ మనసొప్పకపోతే ఎప్పటికైనా పనికొస్తుందని మెట్ల కింద పెట్టి మరిచిపోతాం. ఆ వీధి చివరి ఇంట్లో ఉండే మేస్త్రి అలాంటి బకెట్లు ఐదు పోగుచేశాడు. పగిలిన అంచులు సమంగా కోసి, ఒక పాత నిచ్చెనకు మెట్టుకొకటి చొప్పున పక్కకు వాల్చి బిగించాడు. అతని భార్య ఇళ్ళవాళ్ళ బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఏ ఇంటి బట్టలు ఆ ఇంటివిగా పెట్టుకోవడానికి ఆమెకు ఐదు అరలు అమరాయి.

అది చూసి పక్కింటావిడ విరిగిన బీరువా సొరుగులు తెచ్చింది. అవి గోడకెక్కి పుస్తకాల అరలయ్యాయి. ఇంకొకరు చక్రాలు ఊడిన సూట్‌కేసు తెస్తే మందుల పెట్టె అయింది. పాడైపోయిన బట్టల మిషను లోపలి డ్రమ్ము మాసిన బట్టల బుట్ట అయింది. చూస్తుండగానే అతనికి అతుకుల మేస్త్రి అనే పేరు స్థిరపడింది. పొద్దున్నే అతని వసారా ముందు ఇద్దరు ముగ్గురు ఏదో ఒకటి పట్టుకుని నిలబడి ఉండేవారు.

"మేస్త్రీ, మా ఆయన్ని కూడా తెచ్చి ఇక్కడ పడేస్తాను. ఎందుకో ఒకందుకు పనికొచ్చేట్టు చేసిపెట్టు" అంది ఒకావిడ ఒకరోజు.

"ఆయన ఇంకా పూర్తిగా విరగలేదమ్మా. విరిగాక తీసుకురండి, చూద్దాం" అన్నాడు మేస్త్రి తల ఎత్తకుండానే. అక్కడున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు.

ఆ చేతులు ఏం చేశాయో వీధి అంతా చూసింది. ఆ నోరు ఏం చెప్పిందో ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోనందువల్ల ఒక ఇంట్లో ఏం జరిగిందో మీకు చెప్పాలనే ఈ కథ.

మేస్త్రి పద్దెనిమిదేళ్ళు ఒక కుర్చీలూ బల్లలూ తయారుచేసే కార్ఖానాలో పనిచేశాడు. అక్కడి రంపం మిషనుకు అడ్డుగా ఉండే రేకు వదులైపోయిందని సూపర్‌వైజరుకు రెండుసార్లు చెప్పాడు. "పని ఎగ్గొట్టడానికి నీకు రోజుకో సాకు" అన్నాడాయన. ఆ వారంలోనే మేస్త్రి ఎడమచేతి వేళ్ళు రెండు పోయాయి. తర్వాత ఉద్యోగమూ పోయింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక, మిగిలిన ఎనిమిది వేళ్ళతో ఈ పని మొదలుపెట్టాడు. అప్పటినుంచి అతనికొక అలవాటు పట్టుకుంది. ఏ పని చేసినా, ఇందులో ఎవరి చెయ్యి పడుతుంది, ఎవరి కాలు ఇరుక్కుంటుంది అని ముందుగా చూసుకునేవాడు. అదే కార్ఖానా అతనికి ఇంకొకటి కూడా నేర్పింది. పెద్దవాళ్ళు వద్దన్నాక ఇక మాట్లాడకూడదని.

వీధి మధ్యలో ఉన్న మేడ ఇల్లు హెడ్ మేడంది. ఆమె ముప్పై ఏళ్ళు బడిలో పనిచేసి, ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరైంది. ఆ వీధిలో సగంమంది ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళే. ఆమె ఎదురైతే నడివయసు మగవాళ్ళు కూడా చేతిలో సిగరెట్టు వెనక్కి దాచుకునేవారు. ఆమె కూతురు ఆస్పత్రిలో నర్సు. డ్యూటీకి వెళ్తూ తన ఆరేళ్ళ పాపను రోజూ తల్లి దగ్గర దించి వెళ్ళేది. ఆ పాప నిద్రలో తప్ప నోరు మూసేది కాదు. పాలప్యాకెట్ల అతనికి తన కల చెప్పేది. మెట్లు దిగుతూ మెట్టుతో మాట్లాడేది. అందరూ ఆమెను వాగుడుకాయ అనే పిలిచేవారు. అసలు పేరు ఆమెకే గుర్తులేదేమో అని అమ్మమ్మ వేళాకోళమాడేది.

హెడ్ మేడం ఇంట్లో ఒక పాత ఫ్రిజ్ ఉండేది. ముప్పై ఏళ్ళనాటిది. ఇనప బీరువా అంత బరువు. తలుపుకు బయట ఒక పొడుగాటి పిడి, దాన్ని లాగితే లోపలి గడియ వీడుతుంది. తలుపు మూస్తే గడియ దానంతటదే పడుతుంది. మోటారు చచ్చిపోయి ఏడాది దాటినా దాన్ని పారేయడానికి ఆమెకు మనసు రాలేదు. మేస్త్రికి కబురు పెట్టింది.

"దీన్ని వెల్లకిలా పడుకోబెట్టి, ఇందులో దుప్పట్లూ రగ్గులూ పెట్టుకునేట్టు చెయ్యి. తలుపు మీద స్పాంజి వేసి గుడ్డ కుట్టించు. కూర్చోవడానికి బల్లలాగా ఉంటుంది" అంది.

మేస్త్రి ఫ్రిజ్ చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూశాడు.

"బాగుంటుంది మేడంగారూ. మోటారు తీసేసి అడుగున చెక్కపీఠం వేస్తాను. కానీ ఈ గడియ తీసేద్దాం. ఈ రబ్బరు పట్టీ కూడా తీసేద్దాం. పక్కల డ్రిల్లుతో నాలుగు కన్నాలు పెడతాను."

"కన్నాలెందుకు? పురుగులు దూరడానికా?"

"పిల్లలున్న ఇల్లు కదండీ. లోపల దూరి మూసుకుంటే లోపలినుంచి తెరుచుకోదిది. గాలి కూడా ఆడదు."

"దాన్నిండా దుప్పట్లుంటే పిల్ల ఎక్కడ దూరుతుంది?" అంది హెడ్ మేడం నవ్వి. "గడియ తీసేస్తే ఆ దుప్పట్ల పొంగుకి మూత పడుతుందా? నువ్వే చెప్పు. రబ్బరు లేకపోతే దుమ్మంతా లోపలే."

"గడియ బదులు పైన రెండు కొక్కేలు పెడతానండీ. పిల్లలకి అందకుండా..."

"మేస్త్రీ." ఆమె గొంతు కొంచెం హెచ్చింది. తరగతిలో వెనక బెంచీని అదుపులో పెట్టిన గొంతది. "నేను ముప్పై ఏళ్ళు పిల్లల్ని పెంచాను. పిల్లల సంగతి నాకు వదిలేసి, నువ్వు చెక్క సంగతి చూడు."

మేస్త్రి మూడోసారి నోరు తెరిచాడు. "మేడంగారూ, పోనీ కన్నాలైనా..." అన్నాడు. ఆమె అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయింది. అతను కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఆమె చెప్పినట్టే చేశాడు.

పెట్టె అందంగా తయారైంది. పాత సోఫాలోని స్పాంజి, దాని మీద నీలంరంగు గుడ్డ. చూసినవాళ్ళు అది ఒకప్పుడు ఫ్రిజ్ అంటే నమ్మలేదు. నెల తిరక్కుండానే వీధిలో మరో రెండు ఇళ్ళవాళ్ళు పాత ఫ్రిజ్‌లు సంపాదించి మేస్త్రిని పిలిచారు. రెండో ఇంట్లో అతను గడియ మాట ఒక్కసారి ఎత్తాడు. "హెడ్ మేడం ఇంట్లో ఎలా ఉందో అలాగే కావాలి" అన్నారు వాళ్ళు. మూడో ఇంట్లో అతను ఆ మాటే ఎత్తలేదు.

మూడో పెట్టె పూర్తయిన సాయంత్రం భార్య ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి అడిగింది.

"ఆ గడియలు తీశావా?"

"మొదటి ఇంట్లో చెప్పాను. విన్లేదు."

"మిగతా ఇళ్ళలో?"

అతను రంపం తీసి తుడవసాగాడు.

"మళ్ళీ వెళ్ళి చెప్పయ్యా. ఆవిడ చదువుకున్న మనిషి, కొరుకుతుందా ఏంటి?"

"చదువుకున్న మనిషి కాబట్టే నా మాట వినదు. ఎన్నిసార్లు చెప్పమంటావు? చెప్పి చెప్పి ఒకచోట వేళ్ళు పోగొట్టుకున్నాను. ఇక్కడ మంచిపేరు కూడా పోగొట్టుకోమంటావా?"

"నువ్వు చెప్పలేకపోతే నేను చెప్తాను" అందామె. చెప్పాలనే అనుకుంది కూడా. బట్టలివ్వడానికి వెళ్ళిన రెండుసార్లూ హెడ్ మేడం ఫోనులో ఉంది. మూడోసారి చుట్టాలున్నారు. ఆ మాట అలా వాయిదా పడుతూ పోయింది. ఆలోచించండి, మన ఇళ్ళలో కూడా ఎన్ని ముఖ్యమైన మాటలు ఇలాగే గుమ్మం దగ్గరినుంచి వెనక్కి వెళ్ళిపోతుంటాయో.

ఎండలు ముదిరాయి. ఒక ఆదివారం హెడ్ మేడం దుప్పట్లన్నీ బయటికి తీసింది. వాటిని మేడ మీద ఎండబెట్టాలని. ఖాళీ పెట్టెకు కూడా గాలి తగలనీ అని మూత తెరిచే ఉంచి పైకి వెళ్ళింది. కింద వాగుడుకాయ, పక్కింటి అక్కాచెల్లెళ్ళు దాగుడుమూతలు ఆడుతున్నారు.

తలుపుల వెనకా మంచాల కిందా దాక్కుని దాక్కుని విసిగిపోయిన పాపకు ఆ రోజు కొత్త చోటు దొరికింది. పెట్టెలోకి దిగి, ముడుచుకుని పడుకుని, మూత తనమీదికి లాక్కుంది. ఆ బరువుకి గడియ దానంతటదే పడింది.

హెడ్ మేడం మేడ దిగి వచ్చింది. చెమటలు కారుతున్నాయి. మూసి ఉన్న మూత చూసి గాలికి పడిందనుకుంది. దాని మీదే కూర్చుంది. ఇంతలో ఫోను మోగింది. ఎప్పుడో చదువుకున్న శిష్యుడు, ఇప్పుడు పెద్ద ఉద్యోగి. పిల్లల పెంపకం మీద ఒక సభలో మాట్లాడాలని పిలిచాడు. ఆమె సంతోషంగా, గట్టిగా, వివరంగా మాట్లాడింది. ఆ స్పాంజి కిందా, ఆ మందపాటి తలుపు కిందా రెండు చిన్న చేతులు గుద్దుతున్న సంగతి ఆమెకు తెలియలేదు.

ఫోను పెట్టేసరికి పక్కింటి పెద్దపిల్ల మొహం వేలాడేసుకుని వచ్చింది.

"వాగుడుకాయ దొరకట్లేదు అమ్మమ్మా. ఓడిపోయానని ఒప్పుకున్నా బయటికి రావట్లేదు."

హెడ్ మేడం గదులన్నీ వెతికింది. పిలిచింది. ఎక్కడున్నా ఒక్క క్షణం మాట్లాడకుండా ఉండలేని పిల్ల పలకడం లేదు. హెడ్ మేడం వీధిలోకి పరుగెత్తింది. జనం పోగయ్యారు. ఒకరు నీళ్ళ తొట్టి వైపు, ఒకరు బస్సులు తిరిగే రోడ్డు వైపు పరుగెత్తారు.

మేస్త్రి భార్య ఇస్త్రీ బట్టల మూట చంకన పెట్టుకుని అప్పుడే అటు వచ్చింది. విషయం విని మేడ వైపు చూసింది. పిట్టగోడ మీద దుప్పట్లు వేలాడుతున్నాయి.

"మేడంగారూ, దుప్పట్లన్నీ పైనున్నాయి. మరి పెట్టె ఖాళీయేనా?"

హెడ్ మేడం ఆమె మొహంలోకి చూసింది. మేస్త్రి భార్య మూట అక్కడే వదిలేసి లోపలికి దూకింది. పిడి లాగి మూత ఎత్తింది.

పాప పెదాలు నల్లబడి ఉన్నాయి. ఒళ్ళంతా చెమట. గోళ్ళ కింద రక్తం. ఊపిరి ఉందో లేదో తెలియడం లేదు. మేస్త్రి భార్య ఆమెను రెండు చేతులా ఎత్తుకుని పరుగెత్తింది. ఎవరో ఆటో ఆపారు. పాప తల్లి పనిచేసే ఆస్పత్రికే తీసుకెళ్ళారు. వార్డులో వేరెవరికో సెలైన్ మారుస్తున్న ఆ తల్లి, స్ట్రెచరు మీద వస్తున్నది ఎవరో చూసి చేతిలో సీసా వదిలేసింది.

డాక్టర్లు పాపను బతికించారు. ఇంకో ఐదు నిమిషాలు ఆలస్యమైతే తమ చేతిలో ఉండేది కాదన్నారు.

కబురు తెలిసిన మేస్త్రి ఆస్పత్రికి వెళ్ళలేదు. స్క్రూడ్రైవరు పట్టుకుని ముందు రెండో ఇంటికీ, తర్వాత మూడో ఇంటికీ పరుగెత్తాడు. ఎవరినీ అడగకుండా పెట్టెల మీద గుడ్డ చించి గడియలు విప్పేశాడు. మూడో ఇంటాయన అడ్డం వచ్చాడు.

"ఏయ్, నా ఇంట్లో నన్నడక్కుండా ఏంటిది?"

"అడగను" అని అరిచాడు మేస్త్రి. ఆ వీధిలో అతని అరుపు విన్నది అదే మొదటిసారి. "అప్పుడే గడియ తీయనా అని అడిగుంటే బాగుండేది. ఇప్పుడు అడగను. పక్కకి జరగండి."

ఆస్పత్రి వరండాలో కూతురు తల్లిని అడిగింది. "అమ్మా, ఆ మేస్త్రి ఇన్ని పెట్టెలు చేశాడు కదా. ఇలా జరుగుతుందని అతను నీకు ఏమీ చెప్పలేదా?"

హెడ్ మేడం నేల చూపులు చూసింది. బడిలో ఎన్ని వేల అబద్ధాలు ఆమె పిల్లల మొహం చూసి పట్టేసి ఉంటుందో. ఇప్పుడు ఆమె నోటినుంచే ఒకటి వచ్చింది.

"ఏమీ చెప్పలేదు."

ఆ రెండు ముక్కలు సాయంత్రానికల్లా వీధికి చేరాయి. హెడ్ మేడం అంతటి మనిషి చెప్పాక ఇంక అనుమానమేముంది? మేస్త్రి చేసిన పెట్టె పిల్ల ప్రాణం మీదికి తెచ్చిందన్నారు. తెలిసీ తెలియని పనులన్నారు. అతను చేసిన అరలను కొందరు ఊడదీసి అతని గుమ్మం ముందే పడేశారు. పాపను పెట్టెలోంచి తీసింది అతని భార్యేనని అందరికీ తెలుసు. అయినా ఆమెకు బట్టలివ్వడం మానేశారు.

"నువ్వు చెప్పావు కదా. ఆ మాట బయటికి అనవేం?" అని ఆమె ఏడ్చింది.

"ఒక ఇంట్లో చెప్పాను. మూడో ఇంట్లో చెప్పలేదు. అక్కడ ఇదే జరిగుంటే?" అన్నాడు మేస్త్రి.

ఆస్పత్రినుంచి వచ్చాక వాగుడుకాయ మాట్లాడటం మానేసింది. అన్నం పెడితే తినేది. పిలిస్తే చూసేది. ఎవరైనా తలుపు మూస్తే మాత్రం వణికిపోయేది. ఇంట్లో స్నానాలగది తలుపు కూడా ఓరగా తెరిచి ఉంచవలసి వచ్చింది. డాక్టరు ఓపిక పట్టమన్నాడు. తొమ్మిది రోజులు అలా గడిచాయి.

పదో రోజు హెడ్ మేడం కూతురి ఇంటికి వెళ్ళి పాప పక్కన కూర్చుని తల నిమురుతోంది. పాప గోడ వైపు చూస్తూ, వినపడీ వినపడని గొంతుతో అంది.

"అమ్మమ్మా, నేను పిలిచాను. నువ్వు మాట్లాడుతూనే ఉన్నావు."

హెడ్ మేడం చెయ్యి ఆగిపోయింది. ఆ మాటలో నింద లేదు. పిల్ల జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. కానీ ఆమెకు ఆ క్షణంలో రెండు గొంతులు కలిసి వినిపించాయి. పెట్టెలోంచి పిలిచిన గొంతు ఒకటి. 'పోనీ కన్నాలైనా' అని వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయిన గొంతు ఒకటి. రెండూ వినపడనంత గట్టిగా ఆమె మాట్లాడుతూనే ఉంది.

పక్కగదిలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళి ముందు ఆమెకు చెప్పింది. "అతను మూడుసార్లు చెప్పాడమ్మా. నేనే వద్దన్నాను. నీకు అబద్ధం చెప్పాను."

కూతురు లేచి వెళ్ళి పాప ఉన్న గది తలుపు ఇంకొంచెం తెరిచి వచ్చింది. "కొన్నాళ్ళు పాపని నీ దగ్గర వదల్లేను. ఏమీ అనుకోకు" అంది. హెడ్ మేడం తల ఊపింది. అనుకునే హక్కు తనకు లేదని ఆమెకు తెలుసు.

ఆ వచ్చే ఆదివారం వీధి సంఘం సమావేశం జరిగింది. వసారాలో మేస్త్రి పని మాన్పించాలన్నది అందులో మొదటి విషయం. మేస్త్రి, అతని భార్య వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. కార్యదర్శి కాగితం తీసి చదవబోతుంటే హెడ్ మేడం లేచింది. అలవాటు కొద్దీ హాలంతా నిశ్శబ్దమైపోయింది.

"ముందు నేను మాట్లాడాలి" అంది. "మేస్త్రిగారూ, మీరూ మీ ఆవిడా ముందుకొచ్చి కూర్చోండి."

ఆమె అతన్ని గారూ అనడం, మీరు అనడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. అతను కంగారుపడ్డాడు. ఆమె స్వయంగా వెళ్ళి తన పక్కనున్న కుర్చీ వాళ్ళవైపు జరిపింది.

"ఈయన నాకు మూడుసార్లు చెప్పాడు. గడియ తియ్యాలన్నాడు. రబ్బరు తియ్యాలన్నాడు. కన్నాలు పెట్టాలన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు. నేను నవ్వాను. తర్వాత కసురుకున్నాను. ఈయన చేతులు మాత్రమే పనికొస్తాయనుకున్నాను. ఆ చేతుల వెనక ఒక బుర్ర ఉందని, అది నా మనవరాలి గురించి నాకంటే ముందు ఆలోచించిందని నాకు తోచలేదు." ఆమె జనం వైపు తిరిగింది. "తర్వాత అంతకన్నా పాపం చేశాను. ఏమీ చెప్పలేదని అబద్ధమాడాను. నా పరువు కోసం ఈ ఇంటివాళ్ళ నోటిదగ్గర కూడు తీశాను. నా మనవరాలిని ఎత్తుకుని పరిగెత్తిన మనిషికి మీరు బట్టలివ్వడం మానేశారు. అది నావల్లే. మేస్త్రిగారూ, అమ్మా, నన్ను క్షమించమని అడుగుతున్నాను. క్షమించకపోయినా మీ తప్పు లేదు."

మేస్త్రి లేచి నిలబడ్డాడు. వేళ్ళు లేని చెయ్యి రెండో చేతిలో దాచుకున్నాడు.

"నా తప్పు కూడా ఉందండీ" అన్నాడు. "మేడంగారి ఇంట్లో మూడుసార్లు చెప్పాను. రెండో ఇంట్లో ఒక్కసారే. మూడో ఇంట్లో అసలు చెప్పలేదు. వినరులే అనుకున్నాను. వినకపోతే ఆ పని నేను చెయ్యనని లేచి రావాల్సింది. తెలిసి తెలిసీ చేశాను. ఇకమీదట గడియున్న తలుపు ఏదైనా సరే, ముందు గడియ ఊడదీశాకే నా చెయ్యి పడుతుంది. ఇష్టం లేనివాళ్ళు నా దగ్గరికి తేవద్దు."

కార్యదర్శి చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మూడో ఇంటాయన తల వంచుకున్నాడు. మర్నాడు పొద్దున మేస్త్రి గుమ్మం ముందు ఎవరూ లేరు. మూడోనాడు ఒకావిడ వచ్చింది, విరిగిన సొరుగుతో. బట్టలు మాత్రం చాలా ఇళ్ళనుంచి ఇంకా రాలేదు. తెగిన నమ్మకం అంత తొందరగా అతుక్కోదు.

వాగుడుకాయ ఇప్పుడు కొద్దికొద్దిగా మాట్లాడుతోంది. రోజుకు పది మాటలు, పదిహేను మాటలు. ఎవరైనా ఆమె మాటకు అడ్డం వస్తే మధ్యలోనే ఆపేసి, మళ్ళీ మొదలుపెట్టదు. అందుకని ఆ ఇంట్లో ఇప్పుడు ఆమె నోరు తెరిస్తే అందరూ చేతిలో పని ఆపి కూర్చుంటారు.

శిష్యుడు పిలిచిన ఆ సభకు హెడ్ మేడం వెళ్ళింది. పిల్లల పెంపకం గురించి రాసుకున్న ఉపన్యాసం చదవలేదు. జరిగినదంతా దాచకుండా చెప్పి, చివర ఇలా అంది: "మీ ఇంట్లో పనిచేయడానికి వచ్చిన మనిషి ఇది ప్రమాదం అని ఒక్క మాట అంటే, అతని చదువు ఎంతని చూడకండి, చేతిలో పని ఆపి ఆ మాట చివరిదాకా వినండి, నేను వినలేదు."